వేడి మీద స్టార్ట్ కాని ఆర్‌ఎక్స్-8: నాలుగు నెలలకే ఇంజన్ పోయినట్టేనా?

#1 ఎర్రబండి (ఇర్వింగ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి పోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

నవంబర్‌లో 2006 మాజ్డా ఆర్‌ఎక్స్-8 కొన్నాను. ఆరు గేర్ల మాన్యువల్, ఎరుపు రంగు, మీటరు మీద 78,400 మైళ్ళు. హైవే పక్కన ఒక చిన్న యూజ్డ్ కార్ల లాట్‌లో 5,400 డాలర్లు నగదు ఇచ్చి తెచ్చుకున్నా. టెస్ట్ డ్రైవ్‌లో ముల్లు తొమ్మిది వేల ఆర్‌పీఎం దగ్గరికి వెళ్ళేసరికి మతి పోయింది, ఇంకేమీ చూడలేదు. ఇంట్లో కామ్రీ ఒకటి ఉంది, మా ఆవిడ నడుపుతుంది. కాబట్టి ముందే చెబుతున్నా, ‘కామ్రీ కొనాల్సింది’ అని దయచేసి ఎవరూ రాయొద్దు.

సమస్య ఇదీ. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది. కాసేపు తిరిగి ఆపాక మళ్ళీ తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టేది, తర్వాత పది అయింది. పోయిన శనివారం ఇండియన్ స్టోర్ ముందు అసలు కాలేదు. వెనక సీట్లో దోసెల పిండి, కరివేపాకు, కరిగిపోతున్న ఫ్రోజెన్ పరోటాలు పెట్టుకుని 40 నిమిషాలు కూర్చున్నాం. చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

దగ్గర్లో ఉన్న షాపువాడు గేజ్ పెట్టి చూసి “కంప్రెషన్ లేదు, ఇంజన్ మార్చాలి, 7,500 డాలర్లు” అన్నాడు. బండి ధర కన్నా ఎక్కువ! లాట్‌వాడికి ఫోన్ చేస్తే “యాజ్ ఈజ్, అంటే ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నానని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టావు కదా” అని ఫోన్ పెట్టేశాడు. నేను నడిపింది నాలుగు నెలలు, 3,100 మైళ్ళు. నిజంగా ఇంజన్ పోయినట్టేనా? లాట్‌వాడి మీద కేసు వేయొచ్చా?

#2 పెసరట్టు ప్రసాద్ (ఎడిసన్, న్యూజెర్సీ)

కామ్రీ కొనాల్సింది.

#3 ఎర్రబండి

ఎవరో ఒకరు రాస్తారని తెలుసు. ఐదు నిమిషాలు కూడా ఆగలేదు మీరు.

#4 ఆటోనగర్ అబ్బాయి (ఫోర్ట్ వర్త్, టెక్సాస్)

తమ్ముడూ, కంగారు పడకు. నా దగ్గర ఇవే బండ్లు రెండున్నాయి. ఒకటి నడుస్తుంది, రెండోది దానికి సామాన్లు ఇస్తుంది.

చల్లగా ఉంటే స్టార్ట్ అయి వేడి మీద మొరాయించడం రోటరీ ఇంజన్‌లో కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే బలం, పడిపోయిందనడానికి మొదటి గుర్తు. చల్లగా ఉన్నప్పుడు సీళ్ళ చుట్టూ ఉన్న ఆయిల్ చిక్కగా ఉండి సందుల్ని కాస్త మూస్తుంది. వేడెక్కితే ఆ సాయం పోతుంది. కాకపోతే అచ్చం ఇలాగే కనిపించే రోగాలు ఇంకో మూడున్నాయి, అవి చాలా చవక. బ్యాటరీ నీరసపడినా, సెల్ఫ్ మోటారు వేడికి మెల్లగా తిరిగినా, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ పోయినా ఇదే వరస. మొదట్లో వచ్చిన బండ్లలో సెల్ఫ్ మోటారు బలం చాలదు, తర్వాత కంపెనీయే పెద్దది ఇచ్చింది. నీ బండిలో ఏది ఉందో చూడు. ఇక కాయిల్స్ నాలుగు. అవి ఈ బండికి తరచూ మార్చాల్సిన సామాను కింద లెక్క. ముప్పై వేల మైళ్ళు దాటిన కాయిల్స్‌ని నేను నమ్మను.

అసలు ప్రశ్న, ఆ షాపువాడు ఏ గేజ్ పెట్టాడు? మామూలు పిస్టన్ ఇంజన్ గేజ్ అయితే ఆ మాట పక్కన పెట్టెయ్. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మూడు అంకెలు రావాలి. మామూలు గేజ్‌లో ఉండే చిన్న వాల్వ్ మూడింట్లో పెద్దదాన్ని పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. మిగతా రెండూ చచ్చి ఉన్నా నీకు తెలియదు. రోటరీకి వేరే టెస్టర్ ఉంటుంది. అది ఆరు అంకెలూ రాసుకుని, ఇంజన్ ఎంత వేగంతో తిరిగిందో కూడా పట్టుకుంటుంది. ఆ అంకెల్ని 250 ఆర్‌పీఎం లెక్కకి మార్చి చూడాలి. ఇంజన్ వేడిగా ఉండగానే చేయాలి.

ఈలోగా నాలుగు సంగతులు చెప్పు:

- ఆయిల్ ఆఖరుసారి ఎప్పుడు పోశావు? మార్చడం కాదు, పోయడం.
- ఆఫీసు ఎంత దూరం?
- చెక్ ఇంజన్ లైటు ఎప్పుడైనా మిణుకు మిణుకుమందా?
- చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, బండిని నాలుగడుగులు జరిపి ఆపేసే అలవాటు ఉందా?

నాలుగోదానికి నిజం చెప్పు.

#5 పెసరట్టు ప్రసాద్

అన్నా, ముఖాలేంటి? సిలిండర్లు, పిస్టన్లు లేవా దీంట్లో?

#6 లెక్కల మాస్టారు (హనుమకొండ)

లేవు నాయనా. కోడిగుడ్డు నడుము కాస్త నొక్కితే ఎలా ఉంటుందో అలాంటి గది ఒకటి, దాంట్లో ఉబ్బిన అంచుల త్రికోణం ఒకటి తిరుగుతుంది. గది గోడకీ త్రికోణం ఒక్కో ముఖానికీ మధ్య ఉన్న ఖాళీ పెద్దదవుతూ చిన్నదవుతూ పోతుంది. పెట్రోలు పీల్చడం, నొక్కడం, మండటం, పొగ వదలడం అన్నీ ఆ చుట్టులోనే. రోటర్ ఒక్కసారి తిరిగేలోపు నడిమి షాఫ్టు మూడుసార్లు తిరుగుతుంది. వాల్వులు లేవు, కనెక్టింగ్ రాడ్లు లేవు. ఆర్‌ఎక్స్-8లో రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1.3 లీటర్లు. ఆ చిన్న ఇంజన్ నుంచి 230 పైచిలుకు హార్స్‌పవర్.

త్రికోణం మూడు కొసల్లో మూడు పలచటి బద్దలుంటాయి, అపెక్స్ సీళ్ళు. గదికీ గదికీ మధ్య గోడ అదే. అన్ని వేల చుట్లు గోడని రాసుకుంటూ పోవాలి. దీని కథంతా ఆ బద్దల కథే. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1967లో ఆర్‌ఓ 80 అనే కారు తెచ్చింది. మరుసటి ఏడాది యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. కానీ మొదట్లో అమ్మిన బండ్లలో సీళ్ళు అరిగి ఇంజన్లు వరసగా వెనక్కి వచ్చాయి. వారంటీ ఖర్చులతో కంపెనీ కుదేలై 1969లో ఫోక్స్‌వాగన్ చేతిలోకి పోయింది. అదే 1967లో మాజ్డా కాస్మో స్పోర్ట్ తెచ్చింది. వాళ్ళ ప్రయోగాల్లోనూ గది గోడ మీద అలలు అలలుగా గీతలు పడేవట. మాజ్డాలో రోటరీ పని నడిపించిన కెనిచి యమమోటో దగ్గర పనిచేసిన ఇంజనీర్లు వాటికి దెయ్యం గోళ్ళ గీతలని పేరు పెట్టుకున్నారు. కార్బన్ సీళ్ళు వాడి దాన్ని దాటారు. 1991లో లె మాన్ 24 గంటల కార్ల పందెం గెలిచింది నాలుగు రోటర్ల మాజ్డా 787బి. కాబట్టి ఈ ఇంజన్‌కి బలం లేదని అనకండి. దీని మర్యాద వేరు, అంతే.

(రిటైరయ్యాను, సమయం బోలెడు. పెద్దగా రాసినందుకు ఏమనుకోకండి.)

#7 ఎర్రబండి

మాస్టారూ, బండి కొనే ముందు ఇది చదివి ఉంటే బాగుండేది.

అన్నా, నిజమే చెబుతున్నా. ఆయిల్ ఒక్క చుక్క పోయలేదు. లాట్‌లో “ఇప్పుడే ఆయిల్ మార్చాం” అన్నారు, నేను ఐదు వేల మైళ్ళకి మారుద్దామనుకున్నా. మీ పోస్టు చూసి ఇప్పుడే కిందకి వెళ్ళి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీశాను. తుడిచి పెట్టి తీస్తే చివర ఒక తడి చుక్క, అంతే.

ఆఫీసు మూడు మైళ్ళు. లైటు జనవరిలో రెండుసార్లు మిణుకుమంది, తర్వాత పోయింది, నేనూ మర్చిపోయా.

ఇక నాలుగోది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకే రిజర్వ్‌డ్ స్లాట్. శుక్రవారం రాత్రి స్నేహితులు వస్తే నా బండి తీసి గెస్ట్ పార్కింగ్‌లో పెడతా. పొద్దున టో చేసేస్తారని మళ్ళీ తెచ్చి నా చోట పెడతా. స్టార్ట్, ముప్పై అడుగులు, ఆఫ్. వారానికి రెండు మూడుసార్లు.

#8 ఆటోనగర్ అబ్బాయి

అమ్మ నాయనో.

#9 సిరి చెరుకూరు (మెల్‌బోర్న్)

అబ్బాయి అన్న అక్కడితో ఆగిపోయాడు కాబట్టి నేను చెబుతా. నా దగ్గర 2010ది ఏడేళ్ళుగా ఉంది.

ఈ ఇంజన్ ఆయిల్ తాగడం రోగం కాదు, దానికి తిండి. అపెక్స్ సీళ్ళు తడిగా ఉండాలని ఒక చిన్న పంపు ఇంజన్ ఆయిల్‌నే కొలిచి లోపలికి పంపుతుంది, అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. వెయ్యి, రెండు వేల మైళ్ళకి ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) పోవడం మామూలు. నువ్వు 3,100 తిప్పావు. ఆయిల్ మార్చినప్పుడు పట్టేదే మూడున్నర క్వార్టుల చిల్లర. లెక్క నువ్వే వేసుకో.

రెండోది, చల్లటి ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ పోస్తుంది కంప్యూటర్. ముప్పై అడుగులకే ఆపేస్తే ఆ పెట్రోలు గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. మళ్ళీ తిప్పితే సీళ్ళు ఎండు గోడ మీద రాసుకుంటాయి. ప్లగ్గులు తడిసి అసలు స్టార్టే కాకపోవడం కూడా దీనివల్లే వస్తుంది. అలా తడిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపెట్టి సెల్ఫ్ తిప్పాలి, అప్పుడు పెట్రోలు ఆగి గాలి ఒక్కటే పోతుంది. నేను స్టార్ట్ చేశానంటే టెంపరేచర్ పైకి వచ్చేదాకా ఆపను. వాకిట్లో అడ్డం ఉంటే ఆపి ఉంచి తోయడమే. మా ఆయన తోస్తాడు, నేను స్టీరింగ్ పట్టుకుంటా.

మిణుకుమన్న లైటు మిస్‌ఫైర్‌ది, అంటే పెట్రోలు సరిగ్గా మండలేదని. ఒక కాయిల్ సరిగ్గా పనిచేయక, కాలని పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది కరిగి మూసుకుపోతే పొగ బయటికి పోలేక వేడి వెనక్కి ఇంజన్ మీద పడుతుంది. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ దారులు పక్క గోడల్లో ఉంటాయి, కాబట్టి రోటర్ పక్కల్లో ఉండే సైడ్ సీళ్ళకి ఆ దెబ్బ తగులుతుంది.

#10 కింగ్ ఆఫ్ కంది (సంగారెడ్డి)

ఇంత కథ ఎందుకు బ్రో. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, కంప్రెషన్ పెంచే సీసా ఒకటి దొరుకుతుంది, కలిపెయ్. మా మామ ఇండికాకి గట్లనే చేసిండు. ఆర్నెల్లు నడిచింది.

#11 ఆటోనగర్ అబ్బాయి

ఆర్నెల్ల తర్వాత ఏమైందో కూడా చెప్పు బ్రో.

సీసా పోస్తే విరిగిన సీల్ అతుక్కోదు. ఇప్పుడు చేయాల్సింది ఆయిల్ నింపి, ప్లగ్గులూ కాయిల్సూ కొత్తవి వేసి, బ్యాటరీ చూపించి, ఆ తర్వాత సరైన టెస్టర్‌తో కొలవడం. నా దగ్గర టెస్టర్ ఉంది. ఎర్రబండీ, ఆదివారం బండి తీసుకుని రా. నడుపుకుంటూ రా, దారిలో ఎక్కడా ఆపకు. పెట్రోలు ముందే పోయించుకో.

#12 స్వాతి జి. (ఫ్రిస్కో, టెక్సాస్)

కేసు సంగతి నేను చెబుతాను. నేను లాయర్‌ని కాను, లాయర్ దగ్గర పదేళ్ళు పేపర్లు చూశాను.

లాట్‌లో బండి అద్దానికి అంటించే బయ్యర్స్ గైడ్ కాగితం దాదాపు దేశమంతా ఉండే నియమం. దాంట్లో ‘యాజ్ ఈజ్, డీలర్ వారంటీ లేదు’ అన్న గడిలో టిక్ ఉండి మీరు కొంటే, తర్వాత వచ్చే రిపేర్లు మీవే. టెక్సాస్ లెమన్ లా, అంటే లోపాలున్న బండి అంటగడితే కొన్నవాళ్ళని కాపాడే చట్టం, కంపెనీ అసలు వారంటీ ఉన్న బండ్ల కోసం. ఇరవై ఏళ్ళ బండికి వర్తించదు.

ఒక్క సందు ఉంది. డీలరుకి లోపం తెలిసి దాచినా, అబద్ధం చెప్పి అమ్మినా యాజ్ ఈజ్ కాగితం వాళ్ళని కాపాడదు. మోసపు అమ్మకాల మీద ఉన్న డీటీపీఏ అనే టెక్సాస్ చట్టం కింద అడగొచ్చు. 20,000 డాలర్ల దాకా అయితే జస్టిస్ కోర్టులో లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. కానీ రుజువు కావాలి. ప్రకటనలో ఏం రాశారు? ఇంజన్ కొత్తదనో, కంప్రెషన్ చూశామనో మెసేజ్ ఏమైనా ఉందా?

#13 ఎర్రబండి

ప్రకటనలో “రన్స్ గ్రేట్” అని ఉందండి. ఫోన్‌లో “ఇలాంటి బండి మళ్ళీ దొరకదు” అన్నాడు.

#14 స్వాతి జి.

అవి అమ్మేవాళ్ళు అనే మాటలు, అబద్ధాల కింద రావు. పైగా మీరే ఇక్కడ ఆయిల్ పోయలేదని రాశారు. నేను మీ ఎదుటివాళ్ళ వైపు ఉంటే ముందు ఈ పోస్టే ప్రింట్ తీస్తాను. ఆ డబ్బు బండి మీద పెట్టండి.

#15 బర్మింగ్‌హామ్ బావ

మా దగ్గర ఇదే జరిగితే కథ వేరేగా ఉండేది. 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద డీలర్ దగ్గర కొన్న బండికి 30 రోజుల్లో లోపం తేలితే తిరిగిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఆరు నెలల్లోపు లోపం బయటపడితే అది అమ్మినప్పటికే ఉందనే లెక్క. లేదని డీలరే రుజువు చేసుకోవాలి. కానీ ఇంటి దగ్గర మామూలు మనిషి అమ్మితే ఈ రక్షణ ఏదీ ఉండదు. ఇక్కడ చవకగా కనిపించే ఆర్‌ఎక్స్-8లన్నీ ఇళ్ళ ముందే ఉంటాయి, ఎందుకో మరి.

#16 పెసరట్టు ప్రసాద్

మా న్యూజెర్సీలో యూజ్డ్ కార్లకి కూడా లెమన్ లా ఉంది గానీ ఏడేళ్ళలోపు బండికే. మాజ్డా వాళ్ళు 2004 నుంచి 2008 మోడళ్ళకి ఇంజన్ వారంటీ ఎనిమిదేళ్ళు, లక్ష మైళ్ళకి పెంచారని చదివాను. అది వాడుకోవచ్చా?

#17 సిరి చెరుకూరు

2006 బండికి ఎనిమిదేళ్ళు ఎప్పుడో అయిపోయాయి ప్రసాద్ గారూ. అప్పట్లో చాలామంది ఆ వారంటీ కింద ఇంజన్ మార్పించుకున్నారు. అందుకే పాత సర్వీస్ కాగితాలు అడగాలి. మీటరు మీద ఎన్ని మైళ్ళున్నాయో చూస్తారు గానీ, లోపలి ఇంజన్‌కి ఎన్ని మైళ్ళో ఎవరూ అడగరు.

#18 ఎర్రబండి

ఆదివారం ఫోర్ట్ వర్త్ వెళ్ళొచ్చాను. ముందుగా అన్నకీ వదినకీ థ్యాంక్స్. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం గోంగూర మటన్. బండి గురించి తర్వాత చెప్పినా పరవాలేదనిపించింది.

ఇంజన్ వేడిగానే ఉంది. అన్న పెట్రోలు ఆపేసి, కింది ప్లగ్గు తీసి ఆ చోట టెస్టర్ బిగించాడు. నేను లోపల కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ తిప్పాను. మామూలు ఇంజన్ ‘డగ్ డగ్’ అంటుంది కదా, ఇది ఒక లయలో ‘ఫుస్ ఫుస్ ఫుస్’ అనాలట. వెనక రోటర్ అలాగే అంది. ముందుది ‘ఫుస్... హు... హు...’ అంది. అంకెలు చూడక ముందే అన్న ముఖం చూస్తే అర్థమైంది.

250 ఆర్‌పీఎం లెక్కకి మార్చాక, కేజీ/సెం.మీ² లో:

ముందు రోటర్: 6.6, 5.1, 5.3
వెనక రోటర్: 7.1, 7.0, 7.2

#19 ఆటోనగర్ అబ్బాయి

చదివే పద్ధతి చెబుతా, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది. కంపెనీ చెప్పే కనీసం 6.9. మంచి ఇంజన్ 8.5 చుట్టుపక్కల ఉంటుంది. ఒకే రోటర్‌లో మూడు అంకెల మధ్య తేడా 1.5 దాటకూడదు. వెనకది ముసలిదైంది గానీ ఇంకా గీత పైనే ఉంది. ముందుది మూడూ గీత కిందే. తేడా 1.5కి వచ్చేసింది.

ముందు రోటర్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ముఖాలు బాగా పడ్డాయి. ఒక్కో అపెక్స్ సీల్ రెండు గదులకి ఉమ్మడి గోడ. అది పోతే రెండు గదులూ కారతాయి. ఒక్క ముఖమే పడితే సైడ్ సీల్ మీద అనుమానపడతాం. కాబట్టి విప్పకుండానే చెబుతున్నా, ముందు రోటర్‌లో ఒక అపెక్స్ సీల్ తిన్నగా లేదు.

ఇక ఏం చేయాలన్నది నీ ఇష్టం తమ్ముడూ. ఉన్నది ఉన్నట్టు చెప్పి 1,500కి అమ్మెయ్, కొనేవాళ్ళున్నారు. జంక్‌యార్డ్ ఇంజన్ వద్దు, దాంట్లో ఇంకొకడి పార్కింగ్ కథ ఉంటుంది. జపాన్ నుంచి వచ్చేవి కొందామంటే ఆటోమేటిక్ బండ్లకి నాలుగు పోర్టుల (గాలి లోపలికి పోయే దారుల) ఇంజన్ కూడా ఉంది, నీది ఆరు పోర్టులది, ఒకటి అనుకుని ఇంకోటి తెచ్చుకున్నవాళ్ళని చూశా. లేదంటే మనమే విప్పి కడదాం. మా నాన్నగారు వచ్చి ఉన్నారు, ఆర్నెల్లుంటారు. ఆయనకి ఇక్కడ టీవీ చూసీ చూసీ విసుగొస్తోంది.

#20 కింగ్ ఆఫ్ కంది

ఇంకో మార్గం ఉంది, ఎనిమిది సిలిండర్ల వీ8 పిస్టన్ ఇంజన్ పెట్టేయ్ బ్రో. ఇంటర్నెట్ నిండా అవే వీడియోలు.

#21 సిరి చెరుకూరు

అప్పుడు అది ఆర్‌ఎక్స్-8 ఎలా అవుతుంది, కింగ్ గారూ? మల్లెపందిరి మీద బీరతీగ పాకించినట్టు.

#22 ఎర్రబండి

మా ఆవిడతో మాట్లాడాను. ఆమె అడిగింది ఒక్కటే, “అమ్మితే ఈ బాధ నీకు పోతుందా?” పోదన్నాను. “అయితే కట్టుకో. కానీ కూరగాయలకి కామ్రీలోనే వెళ్దాం.”

విప్పేస్తున్నాం.

#23 ఆటోనగర్ అబ్బాయి

మూడు వారాంతాలు పట్టింది, వివరంగా రాస్తా.

మొదటిదాంట్లో ఇంజన్ దింపాం. పిస్టన్ ఇంజన్‌తో పోలిస్తే చిన్న సూట్‌కేసులా ఉంటుంది. రెండోదాంట్లో విప్పాం. పొడుగాటి టెన్షన్ బోల్టులు ఒక వరసలో వదులు చేసుకుంటూ పోతే, పొరలు పొరలుగా ఊడుతుంది. నాన్నగారు ముప్పై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో బోరింగు, లేతు పని చేశారు. ఆయన చేతిలో తెగని ఇంజన్ లేదు గానీ రోటరీని చూడటం ఇదే మొదలు. రోటర్ బయటికి వచ్చాక చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసి “సమోసాలా ఉందేంట్రా” అన్నారు.

ముందు గది గోడ మీద ఆయన బొటనవేలి గోరు మెల్లగా జరిపారు. ప్లగ్గు రంధ్రం దాటాక ఆగారు. “ఇక్కడ గోరు తగులుతోంది.” టార్చి వేసి చూస్తే అంచు దగ్గర క్రోమ్ పెచ్చులు లేచి, గోడ మధ్యభాగం మసకబారి ఉంది. అపెక్స్ సీల్ తీసి కొత్తదాని పక్కన గాజు పలక మీద నిలబెట్టాం. కొత్తది పలకకి అంటుకుపోయింది. పాతదాని మధ్యలోంచి వెలుతురు కనిపించింది. మధ్యలోనే ఎందుకు అరిగిందంటే, ఈ మోడల్‌లో ఒక్కో రోటర్‌కి ఆయిల్ నాజిల్స్ రెండే, అవి రెండు పక్కలకి పోస్తాయి. 2009 నుంచి వచ్చిన బండ్లలో మధ్యలో మూడోది పెట్టారు. ఆయిల్ తగ్గితే మొదట ఎండిపోయేది మధ్యభాగం.

మూడు వేల మైళ్ళలో ఒక మనిషి ఇంత అరగదీయలేడు. పెచ్చులు లేచిన చోట మసి పట్టి పాతబడి ఉంది. అంటే పాత ఓనరు మొదలుపెట్టాడు, మనవాడు ముగించాడు. ఎర్రబండి పక్కనే నిలబడి “ఎవరిది ఎంత పాలు అన్నా?” అని అడిగాడు. నాన్నగారు “అరిగినదానికి వాటాలుండవు బాబూ, ఆ పానా అందుకో” అన్నారు.

ముందు రోటర్ గది కొత్తది. వెనకది బాగానే ఉంది, ఉంచాం. సీళ్ళు, స్ప్రింగులు అన్నీ కొత్తవే. సైడ్ సీళ్ళు దేని గాడికి దాన్ని ఆకురాయితో రాసి, ఫీలర్ గేజ్‌తో సందు చూసుకుంటూ కూర్చోబెట్టాలి. ఆ పని ఒక పగలంతా పట్టింది. నాన్నగారు అద్దాలు పైకి నెట్టుకుని, మా ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ఒక్కరే చేశారు. ఆ రోజు టీవీ పెట్టలేదు.

#24 ఎర్రబండి

ఖర్చు ఎంతయిందని నలుగురు మెసేజ్ పెట్టారు. సామాన్లకి 3,260. కాయిల్స్, ప్లగ్గులు, కొత్త క్యాటలిటిక్ కన్వర్టర్ కలిపి ఇంకో 1,100. కూలీ తీసుకోలేదు. అన్న పిల్లలకి సైకిళ్ళు కొనిచ్చా, అన్న తిట్టాడు. అంటే బయట చేయిస్తే షాపువాడు చెప్పిన 7,500 మరీ అన్యాయమైన ధరేమీ కాదు. వాడిని తిట్టుకున్నందుకు కాస్త సిగ్గేసింది.

నిన్న సాయంత్రం స్టార్ట్ చేశాం. మొదటి పది సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఒక దగ్గు, తెల్లటి పొగ గ్యారేజీ అంతా. ఎదురింటావిడ తలుపు తీసి చూసింది. పొగ ఆయిల్‌దే, సీళ్ళకి పూసింది కాలుతోందని అన్న చెబుతున్నా నా గుండె కొట్టుకుంటూనే ఉంది. రెండు నిమిషాలకి సద్దుమణిగింది. బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగి, తాళం తిప్పా. ఒక్క సెకను. అంతే. నాన్నగారు కుర్చీలోంచి లేవకుండానే తల ఊపారు.

మొదటి వెయ్యి మైళ్ళు నాలుగు వేల ఆర్‌పీఎం దాటొద్దన్నారు. తొమ్మిది వేల కోసం కొన్న బండి, నాలుగు వేలకి ఆగుతున్నా.

#25 లెక్కల మాస్టారు

శుభం. పెట్రోల్‌లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపితే సీళ్ళకి మంచిదని కొందరు అంటారే, కలుపుతున్నారా?

#26 సిరి చెరుకూరు

నేను ఏడేళ్ళుగా కలుపుతున్నా మాస్టారూ. పంపు ఎలాగూ ఆయిల్ వేస్తుంది కాబట్టి చేతక్ స్కూటర్‌కి పోసినంత అక్కర్లేదు. గ్యాలన్‌కి అర ఔన్సు చాలు. కంపెనీ చెప్పిన మాట కాదు, ఓనర్ల అలవాటు. ఇంకో అలవాటు, బండి పూర్తిగా వేడెక్కాక రోజుకోసారైనా ఆర్‌పీఎం ముల్లు చివరికంటా వెళ్ళి బీప్ వచ్చేదాకా తొక్కడం, లోపలి మసి రాలిపోవడానికి. ఎర్రబండి గారూ, మీరు వెయ్యి మైళ్ళ తర్వాత.

#27 లెక్కల మాస్టారు

బజాజ్ చేతక్ రోజులు గుర్తొచ్చాయమ్మా. బంకులో పెట్రోలు పోయించుకుని, పక్కనున్న టూటీ (టూ-స్ట్రోక్) ఆయిల్ డబ్బా పిడి ఒకటి రెండుసార్లు తిప్పించుకుని, బండిని అటూ ఇటూ ఊపేవాళ్ళం కలవాలని. ఆయిల్ లేకుండా పోయించుకొచ్చినవాడు మా కాలేజీలో ఒక్కడే. వాడి బండి ఇంజన్ ఊరిబయట పట్టేసింది.

#28 ఎర్రబండి

ఇప్పుడు నేనూ ఊపుతున్నా మాస్టారూ. పంపు దగ్గర బంపర్ పట్టుకుని కారుని ఊపుతుంటే ఇక్కడివాళ్ళు వింతగా చూస్తున్నారు. ఆయిల్ సీసా డిక్కీలో, డిప్‌స్టిక్ తుడిచే గుడ్డ డోర్ పాకెట్‌లో. శుక్రవారం స్నేహితులొస్తే వాళ్ళే గెస్ట్ పార్కింగ్ వెతుక్కుంటున్నారు.

#29 కొత్తగా_వచ్చా (ఆస్టిన్, టెక్సాస్)

థ్రెడ్ మొత్తం చదివాను, సూపర్. నేనూ ఒకటి చూశాను, 2005, నీలం, 61 వేల మైళ్ళు, 3,200 డాలర్లు. ఓనరు చాలా మంచివాడిలా ఉన్నాడు. “నువ్వు వచ్చేసరికి బండి చల్లగా ఉంచుతా, ఇంజన్ సౌండు మొదటి నుంచీ వినొచ్చు” అన్నాడు. తీసుకోమంటారా?

#30 ఆటోనగర్ అబ్బాయి

ఇరవై నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయమను. ఒప్పుకోకపోతే అటు నుంచి అటే ఇంటికొచ్చెయ్.

#31 కొత్తగా_వచ్చా

ఒప్పుకోలేదు. దారిలో బిర్యానీ తిని ఇంటికొచ్చేశా.